అమ్మ చంక దిగాక

నెలలో ఒకటో తారీకున మా అమ్మ కోడి కూయకముందే లేస్తుంది. తమ్ముడికి వేడినీళ్ళు పోసి, ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వి, వసారాలో గోడకు ఆనించిన మంచం మీద కూర్చోబెడుతుంది. పొద్దు పొడిచేసరికి గ్రామ సచివాలయం అమ్మాయి వస్తుంది. భుజాన సంచి, చేతిలో ఫోను, వేలిముద్రల యంత్రం. అసలు పని అప్పుడు మొదలవుతుంది. తమ్ముడి చేతులు ఎప్పుడూ పిడికిళ్ళే. వేలు పట్టి లాగితే ఇంకా బిగుసుకుంటాయి. అమ్మ లాగదు. వాడి మణికట్టును కొంచెం లోపలికి వంచి, చిటికెనవేలి వైపు అరచేతి అంచును పైనుంచి కిందికి రెండుసార్లు నిమురుతుంది. పిడికిలి దానంతట అదే విడుతుంది. బొటనవేలు అద్దం మీద ఆనుతుంది. పింఛను ఆరు వేల రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి ఆ అమ్మాయి పక్కింటికి వెళ్ళిపోతుంది.

తమ్ముడు మంచం మీదే ఉంటాడు. మళ్ళీ ఒకటో తారీకు దాకా అక్కడే. సర్కారు మా గడప దాకా వచ్చింది, అది చిన్న సంగతి కాదు. ఆ గడప దాటించడానికి మాత్రం ఒక్క మనిషే ఉంది. ఆమెకు అరవై తొమ్మిదేళ్ళు, కుడి కంట్లో శుక్లం, రెండు మోకాళ్ళూ నొప్పులు.

వికలాంగుల పేరిట పథకాలకు కొదవలేదు. నాకు తెలిసిన పేర్లు రాసినా ఈ పేజీ నిండిపోతుంది. ఆ పేర్లకూ మా వసారాకూ మధ్య దూరం ఎంతో, ఎక్కడ తగ్గిందో, ఎక్కడ అలాగే మిగిలిపోయిందో చెప్పాలని ఈ కథనం.

మాది కడప జిల్లా. తమ్ముడు 1983లో ఇంట్లోనే పుట్టాడు. మంత్రసాని వీపు చరిచినా చాలాసేపు ఏడవలేదట. నెలలు గడిచినా మెడ నిలవలేదు, ఏడాది దాటినా కూర్చోలేదు. గ్రహణం పూట అమ్మ బయటికి వచ్చి ఉంటుందన్నారు కొందరు, పక్షిదోషం అన్నారు మరికొందరు. తాయెత్తులు కట్టించారు. సెరిబ్రల్ పాల్సీ అన్న మాట మేం మొదటిసారి విన్నది వాడికి పదేళ్ళు దాటాక, తిరుపతిలో ఒక డాక్టరు నోట. పుట్టే వేళ మెదడుకు ప్రాణవాయువు అందక, కండరాలను నడిపించే భాగం దెబ్బతిన్నదని, ఇది నయమయ్యే జబ్బు కాదు, అలాగని పెరిగే జబ్బూ కాదని ఆయన విడమరిచి చెప్పాడు. తమ్ముడి తెలివికి ఏ లోటూ లేదు. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరుగుతోందో వాడికి తెలుసు, ఓటు ఎవరికి వేయాలో తెలుసు. నాలుకా దవడా చెప్పినట్టు వినవు కనుక మాట ముద్దగా వస్తుంది. నాన్న పోయాక ఆ మాటలు అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ అర్థం కావు.

చిన్నప్పుడు వాణ్ని అమ్మ చంకనేసుకుని తిరిగేది. నీళ్ళకు పోయినా, చేనికి పోయినా, పెళ్ళికి పోయినా ఎడమ చంకలో వాడు. ఈ సమస్య ఉన్న పిల్లల్లో చాలామందికి తొడల కండరాలు లోపలికి లాగి, కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండు చేతుల మీద వెల్లకిలా ఎత్తుకుంటే ఒళ్ళు కొయ్యబారుతుంది. నడుముకు అటో కాలు ఇటో కాలు వేసి ఎత్తుకుంటే తొడలు ఎడమవుతాయి, బిగువు సడలుతుంది, మెడ నిలబడుతుంది, బిడ్డ నాలుగు దిక్కులూ చూస్తాడు. ఇదంతా నేను ఎన్నో ఏళ్ళ తర్వాత 'డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్' అనే పుస్తకంలో చదివాను. డేవిడ్ వెర్నర్ రాసిన ఆ పుస్తకం 1987లో వచ్చింది. మెక్సికో కొండపల్లెల్లో, తామే వికలాంగులైన ఆరోగ్య కార్యకర్తలతో కలిసి పనిచేసిన అనుభవం నుంచి పుట్టిన పుస్తకం. అందులో బిడ్డను నడుము మీద ఎత్తుకున్న తల్లి బొమ్మ చూసి ఇక ఆ పూట చదవలేకపోయాను. అది మా అమ్మే. ఎవరూ నేర్పకుండానే ఆమె చేసిన వైద్యం అది.

పదమూడో ఏట దించేసింది. వాడి బరువు ఆమె నడుము మోయలేకపోయింది. అది 1996. ఆ ఏడాది ఫిబ్రవరి 7న దేశంలో వికలాంగుల హక్కుల కోసం మొదటి సమగ్ర చట్టం అమల్లోకి వచ్చింది. మా ఇంటికి ఆ కబురు అందలేదు. వాడు అమ్మ చంక దిగి మంచం ఎక్కిన ఏడాదిగానే మాకు అది గుర్తు.

పసుపు కార్డు, నీలం కార్డు

ఆనాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతున్న ఇప్పటి చట్టం ఆ సంఖ్యను 21 చేసింది. ఆటిజం, కండరాల క్షీణత, యాసిడ్ దాడికి గురైనవారు, తలసీమియా, సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారు అందులో చేరారు. సికిల్ సెల్ చేరడం ఎంత ముఖ్యమో మన్యంలోని కుటుంబాలను అడిగితే చెబుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. అప్పటికి చట్టంలో ఉన్నవి ఏడు రకాలే కనుక ఆ అంకె ఇప్పటి చట్టానికి సరిపోయేది కాదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వైకల్యాన్ని పరీక్షించి శాతం కట్టే పనంతా ఒక్క మాటలో చెబుతారు: సదరం. ఉమ్మడి రాష్ట్రంలో తయారైన ఒక సాఫ్ట్‌వేరు పేరును పొట్టి చేస్తే వచ్చిన మాట. ఇప్పుడు క్యాంపుకూ అదే పేరు, సర్టిఫికెట్టుకూ అదే పేరు. "సదరం అయిందా? ఎంత వచ్చింది?" అని అడుగుతారు, పరీక్షలో మార్కులు అడిగినట్టు. 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకు అర్హత. దేశమంతటికీ వర్తించే గుర్తింపు కార్డులో 40 లోపు వారికి తెలుపు, 40 నుంచి 80 లోపు వారికి పసుపు, 80 ఆపైన నీలం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. పక్షవాతమో ప్రమాదమో వచ్చి పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016కు పెంచారు. ఈ డబ్బు ఇంట్లో మనిషి విలువను మార్చింది. ఒకప్పుడు తిండి దండగ అనిపించుకున్న మనిషి పేరు మీద ఇప్పుడు ఇంటి సరుకులు వస్తున్నాయి. ఇది నేను కళ్ళారా చూసిన మార్పు, దీన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించలేను.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారుల శాతాలను మళ్ళీ పరీక్షించారు. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయడం తప్పు కాదు. అయితే నలభై రెండేళ్ళుగా పనిచేయని కాళ్ళను మళ్ళీ చూపించడానికి అమ్మ తమ్ముణ్ని ఆటోలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళి, వరుసలో ఎదురుచూసింది. ఆ రోజు మధ్యాహ్నం వాడికి బట్టలు మార్చడానికి చాటు దొరకలేదు. ఆమె తన చీర కొంగు అడ్డం పెట్టింది.

వాడి నీలం కార్డు మీద 90 అని ఉంటుంది. రాత్రి పక్కకు ఒత్తిగిలించడానికి అమ్మ ఎన్నిసార్లు లేస్తుందో ఆ తొంభైలో లేదు. ముద్ద మింగేటప్పుడు తల వెనక్కి వాలితే అన్నం ఊపిరితిత్తుల దారి పడుతుందని, అందుకే ఎదురుగా కూర్చుని, గడ్డం కింద వేలు ఆనించి, తల కాస్త ముందుకు వంచి తినిపించాలని, ఒక్క పూట భోజనానికి ముప్పావు గంట పడుతుందని అందులో లేదు. వైకల్యం ఎంత అని కొలిచే పద్ధతి మన దగ్గర ఉంది. ఎంత తోడు కావాలి అని కొలిచే పద్ధతి చట్టంలో ఉన్నా పల్లెకు రాలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

పేరు గురించి ఒక మాట. దివ్యాంగులు అంటున్నారు, విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు. మంచి మనసుతోనే అంటున్నారు. నేను వికలాంగులనే రాస్తున్నాను, ఎందుకంటే ఆ పేరుతోనే వాళ్ళు సంఘాలు కట్టుకున్నారు, కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు, వికలాంగుల హక్కుల పోరాట సమితిగా రోడ్డెక్కి పింఛన్లు పెంచమని అడిగారు. వాళ్ళు పోరాడి సంపాదించుకున్న పేరు అది.

మూలకుర్చీ

మా వెనక వీధిలో ఆరేళ్ళ పాప ఉంది. తమ్ముడి సమస్యే. ఆ పాప వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. వారానికి మూడు రోజులు పాపను మండల కేంద్రంలోని భవితకు తీసుకెళతాడు.

భవిత కేంద్రాల గురించి బయట తెలిసింది చాలా తక్కువ. సమగ్ర శిక్ష పథకం కింద రెండు రాష్ట్రాల్లోనూ మండల కేంద్రాల్లో నడుస్తున్నాయి. సాధారణంగా ఏదో ఒక సర్కారు బడి ఆవరణలో ఒకటి రెండు గదులు. అక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పడానికి శిక్షణ పొందిన టీచర్లుంటారు, కొన్ని రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. మంచం దిగలేని పిల్లల ఇళ్ళకు టీచర్లే వెళతారు. కేంద్రం దాకా రావడానికి రవాణా భత్యం, వెంట వచ్చే మనిషికి భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల ఉపకార వేతనం ఉన్నాయి.

ఒకసారి పాప వాళ్ళమ్మకు జ్వరమొస్తే తోడుగా మా అమ్మ వెళ్ళింది. సెలవుకు వచ్చి ఉన్నాను కనుక నేనూ వెళ్ళాను. గోడకు నిలువెత్తు అద్దం, దాని ఎదుట నడక నేర్చుకునే రెండు జంట కడ్డీలు, ఒక పెద్ద రబ్బరు బంతి, చాపలు. మూలన చెక్క కుర్చీ. దాని వెనక భాగం తిన్నగా ఉండదు, రెండు పలకలు గోడమూలలా కలుస్తాయి. బిడ్డను ఆ మూలలో కూర్చోబెడితే పలకలు భుజాలను ముందుకు నెడతాయి. చేతులు వెనక్కి విరుచుకుపోకుండా ముందుకు వస్తాయి. తొడల మధ్య చిన్న దిమ్మ పెడితే కాళ్ళు కత్తెర పడవు. ముందు ఒక బల్ల. అప్పటిదాకా బిడ్డకు తన రెండు చేతులు ఒకచోట కనిపించి ఉండవు. ఆ కుర్చీలో కూర్చున్నాక కనిపిస్తాయి. పాప బల్ల మీద ఎర్ర పూస ఒకటి పట్టుకోవడానికి పది నిమిషాలు ప్రయత్నించింది. పట్టుకుంది. టీచరు చప్పట్లు కొట్టలేదు, రెండో పూస పెట్టింది.

అమ్మ ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళి పలకలు తడిమి చూసింది.

"ఇంతేనా? ఈ రెండు చెక్కలేనా?" అంది నాతో.

"ఇంతేనమ్మా."

"మన వడ్రంగి ఆచారి ఒక్క పూటలో చేసిచ్చుండేవాడు గదమ్మా" అంది. మళ్ళీ ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

వికలాంగులకు సేవలు అనగానే మన ఊహ పెద్ద ఆస్పత్రుల వైపు, యంత్రాల వైపు పోతుంది. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు ప్రాథమిక ఆరోగ్యం గురించి కూడబలుక్కున్న కాలం నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో దారి చెబుతూ వచ్చింది. నగరంలో ఒక పెద్ద భవనం కట్టి అందరినీ అక్కడికి రమ్మనడం కాక, ఊళ్ళో ఉన్న మనుషులకే నైపుణ్యం నేర్పడం, ఊళ్ళో దొరికే కర్రతోనే పనిముట్లు చేయడం. సముదాయ ఆధారిత పునరావాసం అని దానికి పేరు. పేరు బరువుగా ఉంది కానీ దాని అర్థం మాత్రం ఆ చెక్కకుర్చీ అంత సులువైనది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్న శాస్త్రానికి మన దేశంలో ఒక ముఖ్య కేంద్రం సికింద్రాబాద్. మేధోవైకల్యం కోసం 1984లో అక్కడ నెలకొల్పిన జాతీయ సంస్థ ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులను తీర్చిదిద్దుతోంది. ఆ సంస్థ పెట్టినప్పుడు తమ్ముడికి ఏడాది. మధ్య దూరం నాలుగు వందల కిలోమీటర్లు. భవిత లాంటిది ఏదో ఒకటి పుట్టి ఆ దూరాన్ని పది కిలోమీటర్లకు తగ్గించడానికి పాతికేళ్ళు పైన పట్టింది.

ఇంత పని చేస్తున్న భవిత టీచర్లు ఎక్కువమంది ఒప్పంద ఉద్యోగులు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున టీచర్లు ఉండాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. ఆ పోస్టులు నింపమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. వానాకాలంలో బురదదారిన నడిచి, మంచం మీది బిడ్డకు గుండీ పెట్టుకోవడం నేర్పే టీచరు ఉద్యోగానికి ఏటికేడాది భరోసా లేకపోవడం నన్ను బాధపెడుతుంది. ఆ టీచరు మారితే ఆ బిడ్డ మళ్ళీ మొదటి పూస దగ్గర మొదలుపెట్టాలి.

పద్దెనిమిది దాటితే

2016 చట్టం ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్యకు హామీ ఇచ్చింది. భవిత వెనక ఉన్నదీ బడి శాఖే. పద్దెనిమిది నిండిన మర్నాడు ఆ యువకుడు ఎక్కడికి వెళ్ళాలి? నగరాల్లో స్వచ్ఛంద సంస్థల పగటి కేంద్రాలు ఉన్నాయి, చేతిపనులు నేర్పే చోట్లు ఉన్నాయి. పల్లెలో వసారా ఉంది, మంచం ఉంది. పన్నెండేళ్ళపాటు నేర్చుకున్నది ఆ మంచం మీద రెండు మూడేళ్ళలో కరిగిపోతుంది. కండరాలు వాడకపోతే కుదించుకుపోతాయి, మాట వినేవాళ్ళు లేకపోతే మాటా కుదించుకుపోతుంది. ఈ దేశంలో వికలాంగుల సేవల్లో అన్నిటికంటే పెద్ద గుంట ఈ పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గరే ఉందని నా నమ్మకం.

కేరళ ఈ గుంటను చూసింది. 2004లో తిరువనంతపురం జిల్లా వెంగానూరు పంచాయతీలో బడ్స్ పేరుతో ప్రత్యేక బడి మొదలైంది. నడిపేది స్థానిక సంస్థ, వెన్నుదన్ను కుటుంబశ్రీ మహిళా సంఘాలు. ఇప్పుడు రాష్ట్రమంతటా 300 పైచిలుకు ఉన్నాయి. వాటిలో రెండు రకాలు. పద్దెనిమిది లోపు వారికి బడి, పైబడినవారికి పునరావాస కేంద్రం. పొద్దున బండి వచ్చి తీసుకెళుతుంది. అక్కడ గొడుగులు, కాగితం సంచులు, కొవ్వొత్తులు లాంటివి చేస్తారు. సాయంత్రం ఇల్లు చేరుస్తారు. ఆ పగటి వేళల్లో తల్లి కూలికి పోవచ్చు, ఆస్పత్రికి పోవచ్చు, కాసేపు పడుకోవచ్చు. మంచంపట్టిన మనిషిని ఇంట్లో చూసుకునేవారికి ఆశ్వాసకిరణం అనే పథకం కింద నెలకు 600 రూపాయలు కూడా అక్కడ ఇస్తున్నారు. మొత్తం చిన్నదే. చూసుకోవడం అనేది ఒక పని అని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం చిన్నది కాదు. మా అమ్మ నలభై రెండేళ్ళుగా చేస్తున్న పనిని జనాభా లెక్కల మనిషి వచ్చినప్పుడల్లా 'ఇంటిపని' అని రాసుకుని వెళ్ళాడు.

మన చట్టంలో లేక కాదు. 2016 చట్టం ఐదో సెక్షన్, వికలాంగులకు సముదాయంలో బతికే హక్కు ఉందని, ఫలానా చోటే ఉండాలని వాళ్ళను బలవంతపెట్టకూడదని, ఇంటి వద్దా వెలుపలా తోడు సేవలు, వ్యక్తిగత సహాయకుడి సాయం అందాలని చెబుతోంది. 24వ సెక్షన్, ఎక్కువ తోడు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి చెబుతోంది. అదే సెక్షన్‌లో వికలాంగులకు ఇచ్చే సాయం ఇతరులకు ఇచ్చే అదే రకం సాయం కంటే కనీసం పాతిక శాతం ఎక్కువ ఉండాలన్న మాటా ఉంది. 38వ సెక్షన్ కింద, ఎవరికైనా ఎక్కువ తోడు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఒక బోర్డు వచ్చి అతనికి ఏ పనిలో ఎంత సాయం కావాలో అంచనా వేయాలి. నేను ముందు చెప్పిన కొలత ఇదే. మా మండలంలో ఈ దరఖాస్తు గురించి నేను అడిగినప్పుడు, అక్కడున్న గుమాస్తా పాపం నిజాయితీగా నన్నే తిరిగి అడిగాడు, అది ఏ ఫారం అని.

పక్క జిల్లాలో

దూరం తగ్గిన చోట్లు మన దగ్గరే ఉన్నాయి. మా పక్కనే అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఊరూరా వికలాంగుల సంఘాలు పెట్టించింది. చెవిటి పిల్లలకు, అంధులకు, మేధోవైకల్యం ఉన్నవారికి బడులు నడిపింది, కృత్రిమ అవయవాలు అక్కడే చేయించింది. ఆ పల్లెల్లో నేను గమనించింది బడుల కంటే ముందు సంఘాన్ని. పదిమంది వారానికో పదిహేను రోజులకో ఒక అరుగు మీద కూర్చుంటారు. పొదుపు కట్టడం ఒక సాకు. ఒకరి చంకకర్ర రబ్బరు అరిగిందని, ఒకరికి సదరం స్లాటు దొరకలేదని, ఒక అమ్మాయిని ఇంట్లో గొడ్డులా చూస్తున్నారని అక్కడే తెలుస్తుంది. చూపున్నవాడు కాగితం చదువుతాడు, కాళ్ళున్న చెవిటివాడు మండలాఫీసుకు పోయి వస్తాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదరిక నిర్మూలనకు పెట్టిన వెలుగు పథకం ఇదే దారిలో నడిచింది. మహిళా సంఘాల ఊపులోనే వికలాంగులకు వేరుగా గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. మేధోవైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం ఇంటికి దగ్గర్లో కేంద్రాలు నడిచాయి. ఉపాధి హామీ పనుల్లో వికలాంగుల శ్రమశక్తి సంఘాలు వేరుగా ఏర్పడి, పని కొలతలో సడలింపు సాధించుకున్నాయి. చెరువు గట్టున నీళ్ళందించే పని, పిల్లల్ని చూసే పని మా ఊళ్ళో ఒక్కకాలి మనిషికి దొరికింది. అతనికి పేరు పెట్టి పిలవడం ఊరు ఆ ఏడాది నుంచే మొదలుపెట్టింది. అంతకుముందు అతని పేరు ఏమిటో మాలో సగం మందికి తెలియదు.

ఏటా డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు, పత్రికల్లో విజేతల కథలు వస్తాయి. నేనూ రాశాను, ఇంకా రాస్తాను. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా అంధుడైనందుకు ఇంటర్లో సైన్సు సీటు ఇవ్వకపోతే కోర్టుకెక్కి సాధించుకుని, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్ళి, తిరిగొచ్చి పరిశ్రమ పెట్టాడు. ఆ కథలో అందరూ అతని పట్టుదలను చూస్తారు. హైదరాబాదు దేవనార్ అంధుల పాఠశాలను కూడా చూడాలి. ఆ బడి అన్న ఆసరా అతనికి దొరికింది. దొరకని వేలమందిలో పట్టుదల లేదని ఎలా అంటాం?

నన్నడుగు

అమ్మ మాట్లాడితే చివరికి ఒక్కచోటికే వస్తుంది. "నేను పోయినాక వాణ్నెవరు చూస్తారు?" ఇలాంటి బిడ్డలున్న ఏ ఇంట్లోనైనా ఈ ప్రశ్న ఉంటుంది, చాలాసార్లు గొంతు దాటి బయటికి రాదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ఈ ప్రశ్నకోసమే పుట్టింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి అది వర్తిస్తుంది. కలెక్టరు అధ్యక్షతన ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, పద్దెనిమిది దాటినవారికి చట్టబద్ధ సంరక్షకుడిని అది నియమిస్తుంది. ఆ ట్రస్టుదే నిరామయ అనే ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా. బయటి రోగిగా చూపించుకునే ఖర్చు, థెరపీల ఖర్చు కూడా అందులో వస్తాయి. పేదలకు నమోదు రుసుము 250 రూపాయలు. అర్హత ఉన్న తల్లిదండ్రుల్లో ఈ పేరు విననివారిని నేను ఎందరినో చూశాను కనుక ఇంత వివరంగా రాస్తున్నాను.

సంరక్షకురాలిగా నా పేరు రాయించాలని అమ్మ, నేను అనుకున్నాం. కాగితాలు సిద్ధం చేశాం. వసారాలో కూర్చుని సంతకాల చోటు చూస్తుంటే తమ్ముడు ఏదో అన్నాడు. అమ్మ విననట్టు ఊరుకుంది. మళ్ళీ అన్నాడు. నాకు అర్థమైంది. "అక్కా, నన్నడుగు."

నలభై రెండేళ్ళ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అతని జీవితం గురించి అతన్ని తప్ప అందరినీ అడిగాం. 2016 చట్టం పద్నాలుగో సెక్షన్ పరిమిత సంరక్షణ అనే పద్ధతి పెట్టింది. సంరక్షకుడు అన్నీ తానై నిర్ణయించడు, ఇద్దరూ కలిసి మాట్లాడుకుని నిర్ణయాలు తీసుకోవాలి. మేం సిద్ధం చేసుకున్న కాగితాలు పక్కన పెట్టాం. వాడికి ఏం కావాలో ముందు అడిగాం. మొదటి కోరిక చెప్పడానికి వాడికి చాలాసేపు పట్టింది. రచ్చబండ దగ్గరి టీ అంగడికి పోవాలి. అమ్మ లేకుండా.

మా ఇంట్లో చక్రాల కుర్చీ ఉంది. కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఉపకరణాల పథకం కింద ఒక క్యాంపులో ఇచ్చారు. కాన్పూరులోని అలింకోలో తయారైంది. ఆరేళ్ళుగా అది వెనకింట్లో వేరుశనగ బస్తాలు మోస్తోంది. వసారాకు మూడు మెట్లు, ఒకటిన్నర అడుగు ఎత్తు. మేస్త్రీని పిలిచి వాలు కట్టమంటే నాలుగడుగుల పొడవు గీశాడు. అంత నిటారుగా ఉంటే కుర్చీ బోర్లా పడుతుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంటే మాకు పద్దెనిమిది అడుగులు. వాకిలి అంత లేదు. చివరికి గోడ వెంట మలుపు తిప్పి కట్టాం. ఆ వాలు చూసి ఊళ్ళో అందరూ ఇంత పొడుగెందుకని అడిగారు. సచివాలయానికీ బ్యాంకుకూ కట్టిన వాలులు ఎంత నిటారుగా ఉన్నాయో నేను అప్పుడు మొదటిసారి గమనించాను. రాజీవ్ రాటూరి అనే అంధుడు 2005లో వేసిన పిటిషను మీద, ఇలాంటి కొలతలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి నియమాలు కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారి వైకల్య అధ్యయన కేంద్రం.

వాలు అయింది. అమ్మ శుక్లం ఆపరేషను మిగిలింది. మూడేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చింది, ఎందుకంటే ఆ తర్వాత కొన్ని వారాలు వంగకూడదు, బరువు ఎత్తకూడదు. ఆమె రోజుకు ఇరవైసార్లు ఎత్తే బరువు తమ్ముడు. చూసుకునేవారికి కొన్నాళ్ళు విరామం ఇవ్వడానికి నేషనల్ ట్రస్టులో సమర్థ్ అనే పథకం ఉంది, అలాంటి కేంద్రం మాకు అందుబాటులో లేదు. చివరికి ఆపరేషను చేయించడానికి నేను సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. నా ఒక్కదాని వల్ల కాదని రెండో రోజే తెలిసింది. భవిత టీచరును అడిగాను. తమ్ముడు ఆమె లెక్కలో లేడు, నలభై రెండేళ్ళవాడు. అయినా శనివారం పాప ఇంటికి వచ్చినప్పుడు మా ఇంటికీ వచ్చింది. పాప వాళ్ళ నాన్నకూ, ఎదురింటి ఇంటర్ కుర్రాడికీ ఇద్దరు కలిసి నడుము విరగకుండా మనిషిని ఎలా లేపాలో చూపించింది. గడ్డం కింద వేలు ఎక్కడ ఆనించాలో చూపించింది. అమ్మ కంటికి పచ్చ గుడ్డ అడ్డం కట్టుకుని మంచం మీద కూర్చుని, మధ్యలో అందుకుని టీచరు కంటే ఎక్కువే చెప్పింది. నేను ఒక నోటు పుస్తకంలో తమ్ముడి మాటలన్నీ రాశాను, ఏ శబ్దానికి ఏ అర్థమో. మొత్తం నూట అరవై దాకా వచ్చాయి. ఆ పుస్తకానికి దారం కట్టి వసారాలో మేకుకు తగిలించాం.

ఒకటో తారీకున సచివాలయం అమ్మాయి వచ్చింది. అమ్మ లేవబోతే వద్దన్నాను. ఎదురింటి కుర్రాడు తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు. మొదటిసారి వేళ్ళు విడలేదు. "అట్ల కాదు నాయనా, చిటికెనేలు పక్క" అంది అమ్మ కూర్చున్న చోటు నుంచే. రెండోసారి విడ్డాయి. డబ్బులు తీసుకుని కుర్రాడు అమ్మ చేతిలో పెట్టబోయాడు. తమ్ముడు ఏదో అన్నాడు. కుర్రాడు మేకు మీది పుస్తకం తీసి కాసేపు వెతికి, నవ్వి, నోట్లలోంచి ఒక ఇరవై రూపాయలు తీసి తమ్ముడి జేబులో పెట్టాడు. కుర్చీని వాలు మీదుగా వెనక్కి నడిపిస్తూ మెల్లగా దింపాడు.

వీధి మలుపు దాకా చక్రాల చప్పుడు వినిపించింది. అమ్మ లేచి, ఖాళీ మంచం మీది దుప్పటి దులిపి, అక్కడే కూర్చుంది.